మనిషి లేని చోటికి మూడు బంతులు

పడుచుతనంలో కొమురయ్య తన్నిన బంతి ఒకటి మూసాపేట మీదుగా పోయి ఇంతవరకు కిందికి దిగలేదు. ఆ సంగతి ఆయనే చెప్పేవాడు. కాదని ఎవరూ అనేవారు కాదు, అంటే రెండో బంతి కథ మొదలయ్యేది మరి. నానక్‌రామ్‌గూడలో పుట్టి, మిల్లు జట్టులో ఏళ్ల తరబడి ఫుట్‌బాల్ ఆడి, మోకాళ్లు అరిగాక మాదాపూర్‌లో ఒక కంపెనీ జట్టుకు ఆటగాళ్లను ఏరిపెట్టే పనిలో కుదిరాడు.

తొంభై ఎనిమిది జనవరిలో ఆ జట్టులో ఒకే ఒక్క చోటు ఖాళీగా ఉంది. మైదానం నడుమ నిలబడి ముందున్నవాళ్లకు బంతి అందించేవాడి చోటు. అది దొరికినవాడికి ఆఫీసులో ఉద్యోగం కూడా దొరుకుతుంది. సాయంత్రంలోగా పేరు చెప్పమన్నాడు మేనేజరు రంగనాథ్.

ఎంపిక ఆటలో నరేందర్ మొదటినుంచి చివరిదాకా ఆడి రెండు గోల్స్ కొట్టాడు. కర్నూలు నుంచి వచ్చిన సురేంద్రకు చివర్లో పది నిమిషాలు దక్కాయి. అతను ముందుకు పంపిన మూడు బంతులూ మనిషి లేని చోటికే పోయాయి. మైదానం గట్టు మీద కూర్చుని చూస్తున్నవాళ్లు పగలబడి నవ్వారు.

కొమురయ్యకు నవ్వు రాలేదు. బీడీ వెలిగించి ఆర్పేశాడు, మళ్లీ వెలిగించాడు. కూర్చున్నాడు, లేచాడు. మైదానం అవతల కొత్తగా కడుతున్న పెద్ద మేడ దాకా నడిచి, దుమ్ము మింగి తిరిగొచ్చాడు. ఆ బంతులు గుడ్డిగా పోయాయా, పరుగెత్తాల్సినవాళ్లే పరుగెత్తలేదా? పది నిమిషాల ఆటలో ఎట్లా తెలుస్తుంది? సురేంద్ర అప్పటికే సంచి సర్దుకుని బస్సు ఎన్నింటికని అడుగుతున్నాడు.

"నరేందర్ పేరు చెప్పు కొమురయ్యా," అన్నాడు రంగనాథ్. "ఈ పిల్లోడు మా కర్నూలోడు. తీసుకుంటే నేనే దూర్చినానంటారు."

"జర ఆగుండ్రి సార్," అని కొమురయ్య చెప్పులు విడిచి, పంచె ఎగగట్టి సురేంద్రను పిలిచాడు. "నేను ఉరుకుత. నువ్వు బంతి పంపు."

"మీరా సార్?"

"ఏంది, నా మోకాళ్లకు భయపడ్డవా?"

మొదటి బంతి కొమురయ్యకు చాలా ముందుగా దొర్లి రాళ్లలోకి పోయింది. గట్టు మీద మళ్లీ నవ్వులు. రొప్పుతూనే ఆయన ఆ చోటు చూశాడు. పాతికేళ్ల కొమురయ్య అయితే బంతి వచ్చేసరికి సరిగ్గా అక్కడే ఉండేవాడు. కానీ ఆ కొమురయ్య ఇప్పుడు ఏ జట్టులోనూ లేడు. లేని మనిషికి బంతి పంపేవాడు ఎవరికి పనికొస్తాడు? ఆయన మనసు ఇంకా కుదుటపడలేదు.

"ఇంకొకటి పంపు."

ఈసారి సురేంద్ర బంతిని కాదు, ముసలాయన పరుగును చూశాడు. బంతి నింపాదిగా, ఆయన కోసం ఆగి ఆగి వచ్చినట్టు వచ్చి, ఎడమకాలి ముందు నిలిచింది. కుడి మోకాలు ఎక్కువ చెడిందని ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు.

"సంచి కింద పెట్టు బిడ్డా," అన్నాడు కొమురయ్య.

ఒక్క బంతితోనే తేల్చేశావా అని రంగనాథ్ విస్తుపోయాడు.

"ఒక్కటి కాదు సార్. ఒకటి తప్పినంక రెండోది ఎట్ల పంపిండో చూసిన. గీ పోరన్నే రాసుకోండ్రి."

రంగనాథ్ ఆలోచిస్తూనే పేరు రాసుకున్నాడు. కొమురయ్య ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండోది తొడగబోయి ఆగి, రెండూ విడిచేశాడు.

"ఇంకొకటి పంపు," అని అప్పుడే ఉరకడం మొదలుపెట్టాడు.