తురబాలో ఒక బేరం

తాయిఫ్‌లో నేను పనిచేసే మొబైల్ షాపులో ఇకపై సౌదీలే ఉండాలన్నారు. నెలాఖరులోగా వీసాకు పూచీ పడే కొత్త కఫీల్ దొరక్కపోతే నాకు ఎగ్జిట్, అంటే ఇంటిదారి తప్పదు. తురబాలో ఖర్జూరాల దుకాణం ముసలాయనకు మనిషి కావాలని అక్కడే పనిచేసే మా ఊరి రాజన్న ఫోన్ చేశాడు. తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే బయల్దేరాను.

అటు వెళ్లేవాళ్లకు షేరింగ్ టాక్సీ మేలు. డ్రైవర్ చెప్పిన ధర విని, ముఖం తిప్పుకుని నడవాలి. తప్పక పిలుస్తాడు. నన్నూ పిలిచాడు. కిరాణా కొట్లో పుట్టినవాణ్ణి, నాకు వచ్చిన విద్య అదొక్కటే.

"సబ్ ఉధర్ సే భాగ్ రహే, తూ జా రహా హై భాయ్?" అన్నాడు పక్కసీటు పెషావర్ మేస్త్రీ. అందరూ అక్కణ్ణుంచి పారిపోతుంటే నేను వెళ్లడం ఆయనకు వింత.

ఎండ ముదిరేసరికి చేరాం. వాది, అంటే ఎండిన వాగు పొడవునా ఖర్జూర తోటలు, ఒక పెద్ద వీధి, గవర్నరు కార్యాలయం, కూలిన మట్టికోట. చుట్టుపక్కల పల్లెలకు కాగితం పనైనా, సరుకైనా ఇక్కడే. వీధిలో సగం షట్టర్ల మీద 'లిల్ ఈజార్', అంటే అద్దెకు. మూసిన మంగలి షాపు అద్దం ముందు దువ్వెన అలాగే ఉంది.

దుకాణదారు అబూ సాద్ కహ్వా, వాళ్ల కాఫీ, పోశాడు. ఈ రాజ్యం ఏర్పడకముందు ఇక్కడ యుద్ధం జరిగితే, వాళ్ల తాత ఆ తోటల్లోనే దాక్కున్నాడట.

"అప్పుడు కూడా ఊరు ఖాళీ కాలేదు. ఇప్పుడవుతోంది" అన్నాడు.

నా కఫాలా పూచీ తన పేరుకు మార్పించుకుంటాడు, పరదేశి పనివాడి మీద సర్కారు వేసే లెవీ మాత్రం నేనే కట్టుకోవాలి. చెరిసగం అన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"ఒప్పుకో శేటూ, ఇది మీ నాయిన దుకాణం గాదు" అని పక్కన కూర్చున్న రాజన్న మోచేత్తో పొడిచాడు.

లేచాను. చెప్పులు తీరిగ్గా తొడిగాను. మా కొట్లో గిరాకీ గడప దాటకముందే నాన్న "రా, కూసో" అనేవాడు. ఇక్కడ నేను గడప దాటాను.

"అల్లా మఅక్" అన్నాడు ముసలాయన. దేవుడు తోడుండాలని, వెళ్లిపోయేవాడికి చెప్పే మాట.

మూల మలుపు దాకా చెవులు వెనక్కి పెట్టుకునే నడిచాను. ఇక పిలవడని తేలాక పరుగున వెళ్లి, అంతా నేనే కడతానన్నాను. అప్పటికే ఆయన షట్టరు సగం దించాడు.

"నువ్వు లేచిపోతే నాకూ తేలిపోయింది. మూసెయ్యమని కొడుకులు ఎప్పట్నుంచో పోరుతున్నారు. ఖలాస్."

ఎంత బతిమాలినా ఆ ఒక్క మాటే. హోటల్లో రాజన్న రొట్టె తుంచి నా ముందు పెట్టాడు. "లేసినోణ్ణి పట్టుకుంటే జబర్దస్తీ అనుకుంటరు ఈళ్లు. పిలుస్తరనుకున్నవా?"

రొట్టె కాగితంలో చుట్టుకుని టాక్సీల దగ్గరికి నడిచాను.

తిరుగు టాక్సీ డ్రైవర్ ధర చెప్పాడు. నా కాళ్లు వాటంతటవే ముందుకు నడిచాయి.

"యా హిందీ! తాల్, తాల్!" ఓ ఇండియావాడా, రా రా అని వెనక నుంచి కేక.

ఈ దేశంలో నన్ను ఇంకా వెనక్కి పిలిచేవాడు ఇతనొక్కడే మిగిలాడు. తగ్గించిన ధరకే ఎక్కాను.