కన్నడం తెలిసిన కుక్క

మా ఆయన పోయాక ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్తమ్మా, ఆయన పెంచిన కుక్కా.

నారాయణఖేడ్‌లో బస్సు డిపో దాటాక ఆయనకు బోరు మోటార్లు బాగుచేసే దుకాణం ఉండేది. కాలిపోయిన మోటారు విప్పి, పాత తీగ పీకేసి, కొత్త రాగి తీగ చుట్టడం ఆయన పని. మనూర్ వైపు ఒక రైతు బోరులో మోటారు దింపడానికి పోయి, వస్తూ వస్తూ చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు ఈ కుక్కను. అప్పటికి పిల్ల. మామూలు ఊరకుక్కే. గోధుమరంగు, ఒక చెవి నిలబడి ఉంటుంది, ఒకటి వాలి ఉంటుంది.

పొద్దున్నే స్కూటరు మీద ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని దుకాణానికి పోయేది. అక్కడ దానికి తీరికే ఉండేది కాదు. వచ్చిన ప్రతి రైతు చెప్పులూ వాసన చూడాలి. పక్కన టైర్ల దుకాణం కుక్కతో కలబడి దొర్లాలి. ఎవరైనా పైపు ముక్క విసిరితే ఉరికి తేవాలి. మధ్యాహ్నం ఆయన జొన్నరొట్టెలో తన వాటా తినాలి. సాయంత్రం ఇంటికొచ్చి గడప పక్కన పడితే లేపినా లేచేది కాదు. దాని ఆటా, తిరుగుడూ, నలుగురితో కలవడమూ అన్నీ ఆ దుకాణంలోనే అయిపోతున్నాయని మాకు తెలియలేదు. కుక్క ఆయన వెంట పోతుంది, వస్తుంది, అంతే అనుకునేవాళ్ళం.

కందులు కోతకొచ్చిన రోజుల్లో ఒక పొద్దున దుకాణంలోనే ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. పెద్ద దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. చుట్టాలు వచ్చారు, పోయారు. దుకాణం తాళాలు మరిది చేతికి పోయాయి. నేను అన్నిట్లోనూ ఉన్నాను, కానీ ఏడుపు రాలేదు. ఏడవలేదేమని మావాళ్ళు గుసగుసలాడుకున్నారట. వంట చేసేదాన్ని, గిన్నెలు తోమేదాన్ని, టీవీ పెట్టి శబ్దం తీసేసి దాని ముందు కూర్చునేదాన్ని. ఎవరైనా అడిగితే బాగానే ఉన్నానని చెప్పేదాన్ని. అది అబద్ధం కూడా కాదు. చెయ్యి కింద పెట్టుకుని పడుకుని లేస్తే కాసేపు ఆ చెయ్యి మనది కానట్టు ఉంటుంది కదా, నేను మొత్తంగా అలా ఉన్నాను.

అత్తమ్మ తన గదిలో గోడవైపు తిరిగి పడుకునేది. కర్మ అయ్యాక ఆమె గడప దాటలేదు. తినమంటే తినేది. ఇద్దరం అవసరమైన మాటలే మాట్లాడుకునేవాళ్ళం.

కుక్కను ముందు గేటుకు కట్టేశాం. మరిదికి కుక్క అంటే గిట్టదు, దుకాణానికి రానివ్వలేదు. మొదట్లో అది చెప్పులు కొరికింది, గోనెసంచి చింపింది, వీధిలో ప్రతి స్కూటరుకూ మొరిగింది. తర్వాత మొరగడం మానేసి ముందుకాలు నాకడం మొదలుపెట్టింది. పొద్దంతా నాకి నాకి బొచ్చు ఊడి, తోలు లేచి, ఎర్రటి పుండు పడింది. తిండి కూడా సరిగా తినేది కాదు. నేను గిన్నె ముందు పెట్టి "కూడు తిను" అంటే చటుక్కున కూర్చుని నా మొహంకేసి చూసేది. కాసేపు చూసి నేను లోపలికి పోయేదాన్ని.

పుండు మీద ఈగలు ముసురుతుంటే ఇక తప్పక ఆటోలో పశువుల దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు వయసులో నాకంటే చిన్నవాడు. కాలు కడిగి, మందు రాస్తూ అడిగాడు.

"రోజంత ఏం చేస్తది?"

"ఏం చేస్తది, కట్టేసి ఉంటది."

"ఇంతకుముందు?"

దుకాణం సంగతి చెప్పాను. ఆయన పోయిన సంగతీ చెప్పాను. అలవాటైన మాటల్లాగే వచ్చాయి.

"గదే మరి. పుండుకు మందు ఇస్తున్న గానీ, అసలు రోగం ఇది కాదక్కా. దీనికి పొద్దు పోతలేదు. పొద్దుగాల, సాయంత్రం బయట తిప్పు. ఉరకనియ్యి. ఏదన్న ఆట ఆడిపియ్యి. మనుషులను చూడనియ్యి, వేరే కుక్కలను కలవనియ్యి. ఏదన్న కుక్క దగ్గరికొస్తే బెదిరి గొలుసు గుంజకు, వదులుగ పట్టుకో. అవి వాసన చూసుకొని దోస్తానా చేస్కుంటయ్. ఒళ్ళు అలిసిన కుక్క కాలు నాకదు."

"నాతోని అయితదా?" అన్నాను.

"నువ్వు ఏం చేస్తున్నవ్ రోజంత?"

అడగడంలో వెటకారం లేదు. కుక్క గురించి అడిగినట్టే అడిగాడు. నేను మందు చీటీ తీసుకుని కుక్కను ఆటో ఎక్కించాను.

మర్నాటి నుంచి తిప్పడం మొదలుపెట్టాను. కుక్క మీద ప్రేమతో కాదు. డాక్టరు చెప్పాడు కాబట్టి, పూటకింత మందు వేసినట్టు. అది గొలుసు బిగించి లాగేది, నేను వెనక పడుతూ లేస్తూ పోయేదాన్ని. మొగుడు పోయిన ఆడది కుక్కను పట్టుకుని షికారు తిరుగుతోందని ఎవరో అన్నారని కూడా తెలిసింది. మామూలుగా ఉండి ఉంటే సిగ్గుతో చచ్చేదాన్ని. అప్పుడు సిగ్గు కూడా రాలేదు.

మా ఇంటికి రెండిళ్ళ అవతల రవికలు కుట్టే ఒక ముస్లిం ఆవిడ ఉంటుంది, ఆపా అంటాం. షుగరుకు నడవమని ఆమెకూ చెప్పారట. ఒక పొద్దున నన్ను చూసి కేకేసింది.

"ఆగు బిడ్డా, నేను గూడ వస్త. గది కరుస్తదా?"

"తెల్వదు ఆపా."

"తెల్వకుంటనే పట్టుకొని తిరుగుతున్నవా?" అని నవ్వి, రోడ్డుకు అటు అంచున నడిచింది. కుక్క మూతి తగిలితే నమాజుకు ముందు మళ్ళీ అంతా కడుక్కోవాలి అని ఆమె బాధ. రోడ్డుకు ఈ పక్క మేము, ఆ పక్క ఆమె. అంత దూరం నుంచే కుట్టుకూలి గురించీ, మోకాళ్ళ నొప్పి గురించీ, అల్లుడి కోపం గురించీ గట్టిగా చెప్పుకుంటూ నడిచేది. నేను ఊ కొట్టనక్కర్లేదు. అది నాకు సరిపోయింది.

ఊరు దాటాక, చేలకు ముందు ఒక ఖాళీ మైదానం ఉంది. అక్కడ కూర్చునేవాళ్ళం. ఒకరోజు ఆపా తన దగ్గరున్న రవిక గుడ్డల ముక్కలన్నీ కూరి ఒక బంతి కుట్టి తెచ్చింది. కుక్క దాన్ని నోట కరిచి తెచ్చి ఆమె ముందే పడేసేది. తడిసిన బంతిని ముట్టకుండా ఆమె చేతికర్రతో కొట్టేది. "పో, పో! దేఖో, ఎట్ల ఉరుకుతుందో!" అని అరిచేది. దుమ్ము లేపుతూ అది పరిగెత్తడం నేను చూస్తుండేదాన్ని. బాగా పరిగెత్తుతోందని తెలిసేది. అంతవరకే.

ఎండలు ముదిరాక ఒక పొద్దున గొలుసు విప్పాను. చేల కాపలా కుక్కలు రెండు అప్పటికే దీనికి అలవాటయ్యాయి. ముందు వంగి, వెనక లేపి, ఒకదాన్నొకటి ఆటకు పిలుచుకున్నాయి. మూడూ కలిసి దున్నిన నల్లరేగడిలో పడి ఉరికాయి. ఉరికి ఉరికి చూపు ఆనని దూరం పోయాయి. "రా! ఇటు రా!" అని అరిచాను. ఒక్కసారి ఆగి తిరిగి చూసి మళ్ళీ పోయింది. "ఆజా, ఆజా!" అని ఆపా కూడా అరిచింది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా చూసి, ఖాళీ గొలుసు పట్టుకుని ఇంటికొచ్చాను. బెంగ పడాలని తెలుసు. గొలుసు మేకుకు తగిలించి బియ్యం కడిగాను.

అత్తమ్మ గదిలోంచి అడిగింది. "కుక్క చప్పుడు లేదు?"

"పోయింది అత్తమ్మా. పిలిస్తే రాలే."

"ఏమని పిలిచినవ్?"

"రా అని."

ఆమె లేచి కూర్చుంది. "దానికి నీ తెలుగు ఏం తెలుస్తది? వాడు కన్నడంల చెప్తుండె కదనే."

వాళ్ళది కన్నడం ఇల్లు. తాతల నాడు బీదర్ వైపు నుంచి వచ్చారు. తల్లీ కొడుకులు కన్నడంలోనే మాట్లాడుకునేవాళ్ళు. కుక్కతో కూడా ఆయన కన్నడమే మాట్లాడేవాడు. అది నేను రోజూ విన్నదే. తెలిసిన సంగతే తలకు అందలేదు.

"రోజు బువ్వ పెట్టేటప్పుడు ఏమంటవ్ నువ్వు?" అని అడిగింది.

"కూడు తిను అంట."

"కూడు అంటే మాకు కూర్చో అని. కూర్చోమంటే కూర్చుంటుండె పాపం, తినుమన్నవని దానికెట్ల తెలుస్తది?"

ఆమె మొహంలో నవ్వులాంటిదేదో వచ్చి పోయింది. తర్వాత నేను ఊహించనిది చేసింది. కొంగు సర్దుకుని, తల కూడా దువ్వుకోకుండా, గడప దాటి వీధిలోకి నడిచింది. నేను గిన్నె వదిలేసి వెనకే పోయాను. కాళ్ళు తడబడుతున్నా ఆగకుండా ఊరి చివరిదాకా పోయింది. చేల ముందు నిలబడి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎల్లిద్దియో మగా! బారో! బారో మగా!"

ఎక్కడున్నావురా కొడుకా, రారా అని. వాళ్ళలో చిన్నవాళ్ళను ఎవరినైనా అలాగే పిలుస్తారు. ఆయన కుక్కను అలాగే పిలిచేవాడు. ఆమె ఆయనను అలాగే పిలిచేది. ఆయన పోయాక ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి. మళ్ళీ పిలిచింది. గొంతు పగిలింది, అయినా పిలిచింది. పక్క చేలో కూలివాళ్ళు పని ఆపి చూశారు. మా వెనకే వచ్చిన ఆపా దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

దూరంగా కంది మోళ్ళ మధ్య నుంచి గోధుమరంగు చుక్క ఒకటి కదిలింది. ఆ వాలిన చెవి ఎగిరెగిరి పడుతుండగా నేరుగా ఆమె దగ్గరికి వచ్చి ఆగింది. ఆమె "కూడు" అంది. అది కూర్చుంది. ఎప్పుడూ కుక్కను ఇంట్లోకి రానివ్వని మనిషి నేల మీద చతికిలబడి దాని మెడ కౌగిలించుకుంది. నేను దాని కాళ్ళకు అంటిన మట్టిని చూస్తూ, ఇంటికి పోగానే కడగాలి అనుకున్నాను. అప్పుడు నాకు వచ్చిన ఆలోచన అదొక్కటే.

ఆ రోజు నుంచి అత్తమ్మ మాతో రావడం మొదలుపెట్టింది. మొదట సందు చివరిదాకా, తర్వాత మైదానం దాకా. నా చేత కన్నడం పలికించేది. "బారో గట్టిగ అను, అడుక్కున్నట్టు అనకు" అని కసిరేది. ఇంట్లో కొత్త ఆట ఒకటి కూడా ఆమే పెట్టింది. రొట్టె ముక్కలను బోర్లించిన స్టీలు గిన్నెల కింద దాచి, కుక్కను వెతకమనేది. అది ముక్కుతో గిన్నెలు దొర్లించుకుంటూ ఇల్లంతా గణగణలాడించేది. ఎండకు బయటికి పోలేని మధ్యాహ్నాలు అలా గడిచేవి.

అంగడి రోజున దుకాణం వైపు తీసుకుపోదామని కూడా ఆమే అంది. పాత రైతులు గుర్తుపట్టి దాని తల నిమిరారు. అది లోపలికి పోయి ఆయన కూర్చునే పీట కింద చాలాసేపు వాసన చూసింది. తర్వాత తల ఎత్తి, ఒళ్ళు దులుపుకుని, టైర్ల దుకాణం కుక్క దగ్గరికి ఉరికింది. రెండూ దుమ్ములో దొర్లాయి. మరిది బయటికొచ్చి చూసి, "అప్పుడప్పుడు తోల్కరా వదినా" అన్నాడు.

పుండు మానింది. కొత్త బొచ్చు కొంచెం నల్లగా వచ్చింది. కుక్క వల్లే నువ్వు మనిషివయ్యావని చుట్టాలు అంటారు. నాకు అలా అనిపించదు. కుక్క బాగైంది, అత్తమ్మ కొంత తేరుకుంది. నేను వాళ్ళ వెంట నడుస్తున్నాను.

తొలకరి పడిన పొద్దున మైదానంలోనే ఉన్నాం. మబ్బు ఎటునుంచి వచ్చిందో, ఒక్కసారిగా కుండపోత. అత్తమ్మా ఆపా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని రేకుల షెడ్డు కిందికి పోయారు. కుక్క వానచుక్కలను కొరకాలని గాలిలోకి ఎగురుతోంది. నేను ఎందుకో అక్కడే నిలబడ్డాను.

"సర్దీ అయితది, రా జల్దీ!" ఆపా అరిచింది.

నీళ్ళు మెడ మీదుగా వీపులోకి దిగాయి. చల్లగా ఉన్నాయి. పళ్ళు టకటక కొట్టుకున్నాయి. చలి పెడుతోంది అనుకున్నాను, ఆ మాట పైకే అన్నాననుకుంటా, కుక్క ఆగి నావైపు చూసింది.

వాన కొంచెం తగ్గాక అత్తమ్మ వచ్చి కొంగుతో నా తల తుడిచింది. "ఇగ ఇంటికి పోదాం పా."

"ఇంకో చుట్టు తిరిగొస్త అత్తమ్మా," అన్నాను. ఆమె సరేనని మళ్ళీ షెడ్డు వైపు పోయింది. నేనూ కుక్కా బురదలో నడిచాం.