సోలార్ ప్యానెళ్ళ మీద సగ్గుబియ్యం వడియాలు

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో నేను ఇంటి కప్పు మీంచి కింద పడను. అదొక్కటి తప్ప జరగాల్సిన ఘోరాలన్నీ జరుగుతాయి. పరువు పోతుంది, అబద్ధం బయటపడుతుంది, ఉంటున్న ఇల్లు పోయినంత పనవుతుంది. ఇన్ని అనుభవించాక కూడా, ఈ దేశంలో ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా "ఏం గురూ, ఈ ఏడు పంట ఎలా ఉంది?" అని పలకరించి పకపకా నవ్వుతారు చూడండి, అదీ నాకు మండేది. తప్పు జరిగిన మాట నిజమే. అందులో నా వాటా ఎంత, మిగతావాళ్ళ వాటా ఎంత అని ఒక్కరైనా అడిగారా? అందుకే ఇవాళ మొత్తం చెబుతున్నాను. విని మీరే తేల్చండి.

మా ఆవిడ లావణ్య డాక్టరు. నేను ఇంట్లో కూర్చుని కంప్యూటర్ ముందు ఉద్యోగం చేసే రకం. సిడ్నీలో, వెస్ట్‌మీడ్‌లో అద్దె ఫ్లాటులో ఉండగా లావణ్యకి ఆలిస్ స్ప్రింగ్స్‌లో పోస్టింగ్ వచ్చింది. ఆస్ట్రేలియా పటం మీద ఇంచుమించు నడిమధ్యన వేలు పెడితే అదే ఆ ఊరు. చుట్టూ ఎర్రటి ఎడారి. అక్కడ అద్దె ఇల్లు దొరకడం మహా కష్టం. పిల్లాపాపలతో నెలల తరబడి మోటెల్ గదిలో కాపురం చేసేవాళ్ళని చూశాను. మాకు మాత్రం ప్రభాకరం అంకుల్ దయవల్ల పెరడున్న ఇల్లు దొరికింది. ఆయనా డాక్టరే, మన గుంటూరు జిల్లా వారు. ఆ ఊళ్ళో పదిహేనేళ్ళు పనిచేసి, రిటైరై, సిడ్నీ శివారు రౌస్ హిల్‌లో స్థిరపడ్డారు.

తాళాలిచ్చిన రోజునే ఒక్క మాట చెప్పారు. "ఇల్లు మీదే అనుకోండి బాబూ. గోడకి మేకులు కొట్టుకోండి, నేనేమీ అనను. నా ప్యానెల్స్ మాత్రం జాగ్రత్త."

కప్పు మీద ఆయన పెట్టించుకున్న సోలార్ ప్యానెళ్ళవి. అవి ఏ గంటకి ఎంత కరెంటు తీస్తున్నాయో రౌస్ హిల్‌లో ఆయన ఫోన్‌లో కనిపిస్తుంది. పొద్దున లేచి దేవుడి పటం కంటే ముందు ఆ యాప్ చూస్తారని ఆంటీ చెప్పేవారు.

జులై ఆఖరుకి మా లీజు అయిపోతోంది. మళ్ళీ రాయమని అడిగితే, "చూద్దాం బాబూ, ఇంకో డాక్టర్ ఫ్యామిలీ కూడా అడుగుతున్నారు" అన్నారు అంకుల్. అప్పట్నుంచీ లావణ్యకి గుండె దడ.

"ఆయన సైన్ చేసేదాకా నువ్వు బుద్ధిగా ఉండు" అంది నాతో. "హాసిని స్కూల్లో ఇప్పుడిప్పుడే సెటిల్ అయింది. దాన్ని తీసుకెళ్ళి మోటెల్ రూమ్‌లో పెట్టడం నా వల్ల కాదు."

"మధ్యలో నేనేం చేశాను?"

"ఇంకా ఏం చెయ్యలేదు. అదే నా టెన్షన్."

చూశారా, నేరం చెయ్యకముందే శిక్ష. పెళ్ళైన మగవాళ్ళకి ఇది విడ్డూరంగా అనిపించదనుకోండి.

ఎడారి చలికాలం ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, లేకపోతే నా తరఫు వాదన మీకు అర్థం కాదు. జులైలో తెల్లారేసరికి కారు అద్దం మీద మంచు పేరుకుని ఉంటుంది. కొబ్బరినూనె సీసాని వేణ్ణీళ్ళలో పెడితే తప్ప చుక్క రాలదు. పది దాటిందంటే మాత్రం కమ్మటి ఎండ. ఆకాశమంతా వెతికినా మబ్బుతునక దొరకదు. ఆదివారాలు పెరట్లో చాప పరుచుకుని ముగ్గురం అక్కడే భోంచేసేవాళ్ళం. లావణ్య తలారబెట్టుకుంటూ కమలాపళ్ళు ఒలిచేది. మా ఏడేళ్ళ హాసిని గింజలు ఎంత దూరం ఉమ్మగలదో మాకు చూపించేది. సిడ్నీలో ముగ్గురం ఒకేసారి అన్నానికి కూర్చున్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ పెరట్లో, ఆ ఎండలో నేను చాలా సుఖపడ్డాను. ఆ ఇల్లు వదలడం నాకూ ఇష్టం లేదు.

అలాంటి ఒక ఆదివారం, పప్పన్నంలో నెయ్యి కలుపుకుంటూ లావణ్య అంది: "ఇంత ఎండ, గాల్లో తేమే లేదు. మా అమ్మ ఇక్కడుంటేనా, ఇయర్ మొత్తానికి సరిపడా సగ్గుబియ్యం వడియాలు పెట్టేసేది. అంతా వేస్ట్ అయిపోతోంది."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే తర్వాత ఆవిడ "నేనెప్పుడన్నాను?" అంది.

ఏ భర్తైనా ఏం చేస్తాడు? మర్నాడే సగ్గుబియ్యం నానబోశాను. జావ కాచి, పచ్చిమిరపకాయలు, జీలకర్ర నూరి కలిపాను. మొదటిసారి పెరట్లో ప్లాస్టిక్ షీటు పరిచి పెట్టాను. గంటలో ఆ ఊరి చీమలన్నీ సకుటుంబంగా విచ్చేశాయి. వాటి కాళ్ళ ఎర్రమట్టితో సహా. రెండోసారి హాసిని ఎక్కి గంతులేసే ట్రాంపొలిన్ మీద పెట్టాను. గలా అని అక్కడ గులాబీ రంగు చిలకలుంటాయి. చూడ్డానికి పెళ్ళికూతుళ్ళలా ఉంటాయి, తిండి దగ్గర మాత్రం రౌడీలు. ఓ పాతిక వచ్చి వాలి, తిన్నంత తిని, తిననివి కింద పారేసి, నా వైపు చూసి అరిచి మరీ వెళ్ళాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

రోషంతో తల పైకెత్తాను. అప్పుడు కనిపించాయి ప్యానెళ్ళు.

మన ఊళ్ళలో అయితే డాబా ఉంటుంది. ఇక్కడ అన్నీ ఏటవాలు రేకు కప్పులే. ఆ కప్పు మీద పద్నాలుగు నల్లటి అద్దాలు, శుభ్రంగా, పొద్దస్తమానం సూర్యుడికి మొహం చూపిస్తూ. ఎండ ఎక్కడ బాగా పడుతుందో లెక్కలు కట్టి మరీ వాటిని బిగించారు కదా, నేను వేరే చోటు వెతకడమేమిటి? ఇంకో సంగతి. సగ్గుబియ్యం వడియం ఆరితే వెలుతురు దాంట్లోంచి కనిపిస్తుంది. అంటే కరెంటుకి నష్టం ఉండదు. నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, ఊరికే అనడం లేదు.

స్కూలు సెలవులు. లావణ్య ఆస్పత్రికి వెళ్ళగానే, మళ్ళీ జావ కాచి, నిచ్చెన వేశాను. హాసిని ట్రాంపొలిన్ మీద కూర్చుని చూస్తోంది.

"డాడీ, ఈజ్ దిస్ అలౌడ్?"

"అమ్మకి సర్‌ప్రైజ్ తల్లీ."

"సో, నాట్ అలౌడ్."

ఈ దేశంలో పిల్లలకి ఇలాంటి తర్కం ఎవరు నేర్పుతారో నాకు తెలియదు. గిన్నె, గరిటె పట్టుకుని ఎక్కేశాను. గుండ్రంగా పోద్దామనుకుంటే ఏటవాలుకి ఒక్కొక్కటీ జానెడు పొడుగు సాగింది. సాగితే ఏం, నూనెలో వేస్తే అన్నీ పొంగుతాయి కదా అని పద్నాలుగింటినీ నింపేసి, దిగి, టీ పెట్టుకున్నాను. అంత ఆనందంగా నేనెప్పుడూ టీ తాగలేదు.

పదకొండింటికి ఫోన్ మోగింది. ప్రభాకరం అంకుల్.

"బాబూ, బావున్నారా? అక్కడ మబ్బు గానీ పట్టిందా?"

నా నోట్లో టీ అక్కడే ఆగిపోయింది. లీజు కళ్ళ ముందు కనిపించింది. మోటెల్ గది కనిపించింది. లావణ్య మొహం కూడా కనిపించింది. నిజం చెప్పడానికి అదే సమయం. నేనేమన్నానో చూడండి.

"అవునంకుల్. కొంచెం పట్టింది."

"జులైలోనా!" ఆయన గొంతు వెలిగిపోయింది. "బాగా నల్లగా ఉందా?"

"మీడియంగా ఉందంకుల్."

"వాన పడేలా ఉందా?"

"పడొచ్చంకుల్."

హాసిని ఆకాశం నాలుగు వైపులా చూసింది. "డాడీ, వేర్?"

నేను వేలు పెదవుల మీద పెట్టుకుని లోపలికి పొమ్మన్నాను. ఇక్కడితో ఆగి ఉంటే బావుండేది. పెద్దాయన ఊరుకుంటారా? ఎడారిలో వాన శుభవార్త అని ఆ ఊళ్ళో తనకి తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశారు. పావుగంటలో పక్కింటావిడ పెరట్లోకి పరిగెత్తుకొచ్చి, తీగ మీది బట్టలన్నీ లాగేసుకుని, థాంక్స్ అన్నట్టు నాకు బొటనవేలు పైకెత్తి చూపించి వెళ్ళింది.

మళ్ళీ ఫోన్.

"బాబూ, మీ పక్కింటావిడ ఫోటో పంపింది. స్కై అంతా బ్లూగా ఉంది. మబ్బు మన ఇంటి మీద ఒక్కటే ఉందా?"

"అలాగే కనిపిస్తోందంకుల్."

"అయితే ప్యానెల్స్‌లోనే ఏదో ప్రాబ్లం. గ్రెగ్‌ని పంపిస్తున్నా. బిగించింది వాడే. అరగంటలో వచ్చేస్తాడు."

అరగంట! అట్లకాడ తీసుకుని కప్పెక్కాను. గీకితే ఒక్కటి ఊడితే ఒట్టు. మా ఇంట్లో కాచిన జిగురు దేశంలో ఏ కంపెనీ జిగురుకీ తీసిపోదని ఆ రోజు తెలిసింది. గట్టిగా గీకితే అద్దం మీద గీత పడుతుంది. అందుకని బకెట్‌తో నీళ్ళు పోశాను. దాంతో కింది రెండు వరుసలూ మళ్ళీ జావై, కప్పు అంచున ఉండే గట్టర్‌లోకి కారి, అక్కడ పట్టక గోడ మీదుగా వంటింటి కిటికీ దాకా వచ్చింది. ఆ వాసనకి గలాలు బంధువుల్ని కూడా వెంటేసుకుని దిగాయి. ఒక చేత్తో అట్లకాడ, ఇంకో చేత్తో బకెట్, నెత్తి మీద చిలకలు. అలా ఉన్నప్పుడు గేటు ముందు బండి ఆగింది.

గ్రెగ్ రెయిన్‌కోటు వేసుకుని వచ్చాడు. వాన అని డాక్టర్ ముందు చేసిన ఫోన్‌లో చెప్పారట. నీలాకాశం వైపు ఓసారి, నా వైపు ఓసారి చూశాడు.

"డాడీ పుట్ చిప్స్ ఆన్ ద సోలార్" అంది హాసిని, నన్ను రక్షించడానికి ఒక్క క్షణం కూడా ప్రయత్నించకుండా.

గ్రెగ్ పైకొచ్చి ఒక వడియాన్ని వేలితో పొడిచి చూశాడు. తర్వాత, "మేట్, ఈ కప్పుల మీద పక్షి రెట్టలు చూశాను, ఫుట్‌బాళ్ళు చూశాను, ఒకసారి కొండచిలువని కూడా చూశాను. ఇదేమిటి?" అన్నాడు.

"తిండి."

"కావాలనే పెట్టావా?"

జవాబు చెప్పేలోపే అతను అంకుల్‌కి వీడియో కాల్ చేసి, ఫోన్ ప్యానెళ్ళ వైపు తిప్పాడు. సరిగ్గా అప్పుడే లావణ్య మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, కారు దిగి, కప్పు వైపు చూసి, అక్కడే నిలబడిపోయింది.

"అవేమిటి బాబూ?" అన్నారు అంకుల్ ఫోన్‌లోంచి.

"వడియాలంకుల్."

"నా ప్యానెల్స్ మీదా?"

"ఎండ బాగా పడుతుందని..."

"వడియాలు సరే, కడిగితే పోతాయి. మబ్బు పట్టిందన్నావే, అది బాధగా ఉంది బాబూ. ఇక్కడ వారం నుంచీ ఒకటే ముసురు. ఈ యాప్ చూసుకుంటే నాకు అక్కడ మన పెరట్లో కూర్చున్నట్టుంటుంది. నువ్వు చెప్పావని అందరికీ ఫోన్ చేసి వాన వాన అన్నాను. లీజు సంగతి నేను ఆలోచించి చెప్తాను."

నాకు నిజంగా తల కొట్టేసినట్టయింది. ఎంత వెధవ పని చేశానో అప్పుడు తెలిసింది. కింద లావణ్య కళ్ళు తుడుచుకుంటోంది.

"సారీ అంకుల్" అన్నాను. "మబ్బు లేదు. ఎండ అద్భుతంగా ఉంది. భయపడి అబద్ధమాడాను."

అంతలో ఫోన్‌లో వేరే గొంతు. "ఏవండీ, అదిలా ఇవ్వండి." ఆంటీ.

"ఏవిటా గొడవ? ఓహో, సగ్గుబియ్యం వడియాలా! ఏవండీ, ఆ ఊళ్ళో ఫిఫ్టీన్ ఇయర్స్ ఉన్నాను. ఒక్క వడియం పెట్టనిచ్చారా? నీడ పడుతుందని చీర కూడా ఆరెయ్యనివ్వలేదు కదా! బాబూ, ఏమన్నా మిగిలాయా?"

"పై వరుసలోవి ఉన్నాయాంటీ."

"గ్రెగ్, డోంట్ టచ్ ద టాప్ రో!" అని ఆర్డరేసి, "ఎండాక ఊడదీసి ఓ డబ్బా పోస్టులో పంపించు. ఇల్లు నా పేరు మీదుంది. తిని చూశాక లీజు సంగతి నేను చెప్తా" అని ఫోన్ పెట్టేశారు.

రెండు రోజులు కింద నిలబడి చిలకల్ని తోలుతూ కాపలా కాశాను. ఎండాక గ్రెగ్ తన ప్లాస్టిక్ రేకుతో ఒక్క గీత పడకుండా వాటిని ఊడదీశాడు. డబ్బా పోస్టు చేసి, మిగిలిన నాలుగూ వేయించి లావణ్య ముందు పెట్టాను. పువ్వుల్లా పొంగాయి. ఆవిడ ఒకటి కొరికింది. నమిలింది. ఆగింది.

"ఉప్పు వేశావా?"

వెయ్యలేదు. మూడుసార్లు జావ కాచినవాణ్ణి, చీమలతో, చిలకలతో యుద్ధం చేసినవాణ్ణి, చివరికి ఉప్పు మరిచిపోయాను. డబ్బా అప్పటికే దారిలో ఉంది. లావణ్య ఆన్‌లైన్‌లో మోటెళ్ళు చూడ్డం మొదలుపెట్టింది.

ఎనిమిదో రోజు ఆంటీ ఫోన్.

"బాబూ, ఎంత తెలివైనవాడివయ్యా! మీ అంకుల్‌కి బీపీ అని ఉప్పు మాన్పించాను. ఆయన దొంగతనంగా అప్పడాలు తింటున్నారు. ఉప్పు లేని వడియాలు నాకు షాపులో ఎక్కడ దొరుకుతాయి? రోజూ రెండు వేయించి ఎదురుగా కూర్చుని తినిపిస్తున్నాను. లీజు మెయిల్ చేశా, చూసుకోండి."

వెనకనుంచి అంకుల్ ఏదో అన్నారు. ఆంటీ వినిపించుకోలేదు.

లీజు లావణ్య ఒక్కదాని పేరు మీద వచ్చింది. చివర రెండు ప్రత్యేక షరతులు. మొదటిది అంకుల్ రాసింది: అద్దెకుండే ఆవిడ భర్త ఎట్టి పరిస్థితుల్లోనూ కప్పెక్కరాదు. రెండోది ఆంటీ రాసింది: ప్రతి చలికాలం ఒక డబ్బా ఉప్పు లేని వడియాలు పంపవలెను.

"కింద పెడితే చీమలు, ట్రాంపొలిన్ మీద చిలకలు, కప్పెక్కకూడదు. నేనెక్కడ పెట్టాలి?" అని ధర్మంగా అడిగాను.

"నాకు తెలీదు. సైన్ చేసేశా" అంది లావణ్య.

కాబట్టి పాఠకులారా, మీ అందరి ముందూ కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. లేని మబ్బు ఉందని ఏ పెద్దమనిషికీ చెప్పను. నిచ్చెన ముట్టుకోను. కరెంటు పుట్టించే ఏ వస్తువు మీదా ఈ జన్మలో వడియం పెట్టను. మూడేళ్ళుగా ఈ మాట మీదే నిలబడి ఉన్నాను. ప్రతి జులైలోనూ కారు అద్దాలు ఎత్తేసి, వెనకసీటు మీద, డ్యాష్‌బోర్డు మీద షీట్లు పరిచి వడియాలు పెట్టుకుంటున్నాను. ఆ వారం లావణ్య నడిచి డ్యూటీకి వెళుతుంది. దానికి నేనేం చెయ్యను? ప్రమాణం మాత్రం తప్పలేదు, మాది పెట్రోలు కారు.