దమయంతి అక్క సాంటోరినీ చూసింది

మా తోటికోడలు దమయంతి అక్క అరవదు. పాతికేళ్ళుగా మిషిగన్‌లో ఉంటోంది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆవిడ గొంతు పక్కింటివాళ్ళు విన్న పాపాన పోలేదు. అరిచేవాళ్ళంటే నాకు భయం లేదు. నేనూ అరుస్తాను, అరిచి అరగంటలో మర్చిపోతాను. మనసులో పెట్టుకునేవాళ్ళతోనే చిక్కంతా. పాము పగ అంటారే, అలాంటిది. కాకపోతే ఈ పాము పొద్దున్నే లేచి అందరికీ టిఫిన్ పెడుతుంది.

ఆవిడ పుట్టింది తెనాలిలో. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, మా బావగారు దామోదర్‌ని పెళ్ళి చేసుకుని ఇక్కడికొచ్చి, కారు బ్రేకులు తయారుచేసే కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగంలో చేరింది. బ్రేకుని మిషను మీద బిగించి, అది పూర్తిగా అరిగేదాకా తొక్కిస్తూనే ఉండి, ఎన్నో తొక్కుడుకి పోయిందో రాసుకోవడం ఆవిడ పని. అలాంటి మనిషి ఇంట్లో జరిగేవి మాత్రం గుర్తుపెట్టుకోదని మేమెలా అనుకున్నామో నాకిప్పటికీ అర్థం కాదు.

మా రెండు కుటుంబాలూ ఏటా కలిసి ట్రిప్‌కి వెళ్తాయి. బావగారు, అక్క, వాళ్ళమ్మాయి నైనిక ఒకవైపు. బావగారి తమ్ముడైన మా ఆయన శశికాంత్, నేను ఒకవైపు. మా ఆయనకి వరసగా రెండు పూటలు అన్నం పడకపోతే లోకం తలకిందులవుతుంది. అందుకని ఎక్కడికెళ్ళినా కిచెన్ ఉన్న ఇల్లే అద్దెకు తీసుకుంటాం. దానికోసం పెద్ద నీలం సూట్‌కేసు ఒకటి ప్రత్యేకంగా ఉంది. అందులో రైస్ కుక్కర్, సోనా మసూరి, కందిపొడి, పోపుల డబ్బా, కవర్లతో మూడు చుట్లు చుట్టిన ఆవకాయ సీసా ఉంటాయి. ఆ సూట్‌కేసు ఎక్కడ దిగితే అక్క అక్కడే దిగిపోతుంది. కాన్‌కూన్‌లో మేమంతా సముద్రంలో మునుగుతుంటే ఆవిడ పప్పుకి పోపు పెట్టింది. హవాయిలో మేం తాబేళ్ళని చూసి వచ్చేసరికి పులిహోర కలిపి పెట్టింది.

మరి నువ్వేం చేశావని అడగొచ్చు. దాచను, చెప్తాను. ఒంగోల్లో మా నాన్నకి మెస్ ఉండేది. పదహారేళ్ళకే యాభైమందికి సాంబారు పెట్టడం నాకొచ్చు. కానీ పెళ్ళయ్యాక వెళ్ళిన మొదటి ట్రిప్‌లోనే, వంట వచ్చిన ఆడదానికి పట్టే గతి కళ్ళారా చూశాను. "నాకు వంట సరిగ్గా రాదక్కా, మీ చెయ్యి పడితేనే రుచి" అనేశాను. ఆ అబద్ధం నిలబెట్టుకోవడానికి ఇంట్లో తొమ్మిదేళ్ళు చప్పిడి కూరలు వండాను. వారానికి నాలుగు రోజులు బయటినుంచి డబ్బాలు తెప్పించాను. "మా ఇంట్లో హాస్పిటల్ డైట్ రా" అని మా ఆయన ఫ్రెండ్స్ ముందు జోకులేస్తే నోరు మూసుకుని భరించాను. ఆయన మీద నాకూ లోపల ఉందన్నమాట.

నిరుడు మే నెలలో నైనిక గ్రాడ్యుయేషన్ పార్టీ. బావగారు ట్రిప్పుల ఫోటోలన్నీ పెద్ద టీవీలో వేశారు. ఎనభై ఫోటోలుంటే అక్క కనిపించింది రెండింట్లో. రెండింట్లోనూ చేతిలో గరిటె ఉంది. మా ఆయన మైకు అందుకున్నాడు.

"మా వదిన ట్రిప్‌కొచ్చేదే కిచెన్లు చూడ్డానికి! అమెరికాలో ఏ ఊళ్ళో స్టవ్ ఎలా ఉంటుందో వదిన్ని అడగండి, రివ్యూ ఇస్తది!"

అరవైమంది ఘొల్లుమన్నారు. బావగారు నవ్వారు. నైనిక "సో ట్రూ బాబాయ్!" అని చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

అతిథులు వెళ్ళాక అక్క సింకు దగ్గర నిలబడి నాతో అంది. "అదితీ, ఇన్నేళ్ళు తిరిగాను, నాకు ఒక్క ఊరూ గుర్తులేదు. ఈసారి ఒక్కటంటే ఒక్కటి నా కళ్ళతో చూడాలి. ఇవాళ నవ్వినవాళ్ళకి ఎలా ఉంటుందో తెలిసొచ్చేలా చూడాలి."

"చూడండక్కా, మీ మరిదికి బాగా బుద్ధి చెప్పండి" అన్నాను ఉత్సాహంగా.

నెల తిరక్కుండా మా వాట్సాప్ గ్రూపులో అక్క మెసేజ్ వచ్చింది: సెప్టెంబర్లో గ్రీస్, సాంటోరినీ దీవి, ఆరు రోజులు, ఇల్లు తనే బుక్ చేసింది. మా ఆయన వరసగా దణ్ణాల బొమ్మలు పెట్టాడు. ఇంట్లో కిచెన్ ఉందా అని ఎవరూ అడగలేదు. రేపు తెల్లవారుతుందా అని ఎవరైనా అడుగుతారా?

ఆ దీవిలో ఊళ్ళు కొండ అంచున ఉంటాయి. మా ఇల్లు ఇయా అనే ఊళ్ళో, కొండని తొలిచి కట్టిన తెల్లటి గుహలాంటిది. కారు పైనే ఆగిపోతుంది. అక్కడినుంచి కిందికి నూట ఎనభై మెట్లు. సామాను మోసే మనిషి వచ్చి నీలం సూట్‌కేసు మీద చెయ్యి వేశాడు. మా ఆయన అతని చెయ్యి తీసేశాడు.

"నో నో, దిస్ ఈజ్ అవర్ ఫుడ్" అని దాన్ని భుజానికెత్తుకున్నాడు. నాలుగుచోట్ల ఆగాడు. చొక్కా తడిసి ముద్దయింది. "వదినా, ఈసారి ఏందింత బరువు? ఆవకాయ రెండు సీసాలు తెచ్చినవా?" అని మురిసిపోయాడు. అక్క వెనకాల చేతులూపుకుంటూ దిగింది.

ఇంట్లోకి రాగానే ఆయనే జిప్పు తీశాడు. ఇస్త్రీ చీరలు, నడవడానికి బూట్లు, వెడల్పాటి టోపీ, బైనాక్యులర్స్, లావుపాటి నవలలు ఆరు. మా ఆయన ఆ చీరల కింద చెయ్యి పెట్టి అడుగుదాకా వెతికాడు.

"వదినా, కుక్కరేది?"

"ఇంట్లో ఉంది."

"మరి వంటెట్లా? ఇక్కడ కిచెన్ ఎటువైపు?"

"లేదు శశీ. లేదని చూసుకునే బుక్ చేశా. ఒక కెటిల్ ఉంది, టీ పెట్టుకో."

ఆయన మొహం చూసి నాకు కడుపు నిండిపోయింది. అన్నం అక్కర్లేకపోయింది.

ముందుంది ముసళ్ళ పండగ. మొదటిరోజు మా ఆయన బింకంగా బ్రెడ్డు, వేయించిన బంగాళాదుంపలు తిన్నాడు. రెండోరోజూ అవే. మూడోరోజు తల తిరుగుతోందని పడుకున్నాడు. నాలుగోరోజు మెట్లన్నీ ఎక్కి వెళ్ళి బియ్యం ప్యాకెట్ ఒకటి కొనుక్కొచ్చి కెటిల్లో వేశాడు. గంజి పొంగి ఫ్యూజు పోయింది. ఇంటావిడ వచ్చి, మాకు అర్థం కాని భాషలో బాగా అర్థమయ్యేట్టు తిట్టింది. వరండాలో కూర్చున్న అక్క పుస్తకంలోంచి తల కూడా ఎత్తలేదు. "నీళ్ళు ఎక్కువయ్యాయి శశీ" అంది.

నిజానికి రెండోరోజే అక్క నన్ను ఒక చిన్న హోటల్‌కి తీసుకెళ్ళింది. ఫావా అని అక్కడి పప్పుతో చేసే వంటకం తెప్పించింది. పచ్చగా, ముద్దగా, పైన ఉల్లిపాయ ముక్కలు, నూనె. నోట్లో పెట్టుకున్నాను. ముద్దపప్పే! పక్కనే టొమాటోలో కూరి వండిన అన్నం కూడా ఉంది. దీవంతా దొరుకుతాయి, అన్నం మెతుక్కోసం అల్లాడుతున్న ఆ మనిషికి మాత్రం తెలియదు.

"శశికి చెప్పకు" అంది అక్క.

చెప్తానా! రోజూ ఇద్దరం వెళ్ళి తిని, మూతి తుడుచుకుని వచ్చేవాళ్ళం. ఆయన నీరసంగా "ఏం తిన్నావే?" అంటే "ఏదో హాస్పిటల్ డైట్" అనేదాన్ని. హాయిగా ఉండేది. అంత హాయి నా పెళ్ళిలో కూడా లేదు.

బావగారికి వేరే శిక్ష పడింది. మొదటిరోజే అక్క తన ఫోన్ ఆయన చేతిలో పెట్టి, "ఎక్కడికెళ్ళినా నన్ను తియ్యండి, ఇంకేం తియ్యకండి" అంది. ఆయన సముద్రం వైపు తిరిగితే ఊరుకునేది కాదు. ఎండలో మోకాళ్ళ మీద కూర్చుని తీయించింది. బాగా రాలేదని మళ్ళీ తీయించింది. నైనికని పడవలో అగ్నిపర్వతం ఉన్న నల్లదీవికి తీసుకెళ్ళి, ఆగకుండా పైదాకా ఎక్కించింది. "అమ్మా, వెయిట్! నాకు బ్రెత్ రావట్లేదు!" అని పిల్ల వెనకనుంచి అరుస్తుంటే, "కిచెన్లు చూసిన కాళ్ళే, ఎక్కు" అంటూ ముందుకు పోయింది. నైనిక పైకొచ్చి కూలబడి ఏడ్చింది. "ఐ యామ్ సారీ అమ్మా. పార్టీలో నేను నవ్వకూడదు" అంది. అక్క నీళ్ళ సీసా ఇచ్చి తల నిమిరింది. ఆ అమ్మాయి అంతటితో బయటపడింది.

చివరి సాయంత్రం ఊరి చివరన ఉన్న పాత కోట గోడ దగ్గరికి వెళ్ళాం. ఇయాలో సూర్యాస్తమయం చూడ్డానికి ప్రపంచమంతా అక్కడికే వస్తుంది. అక్క మధ్యాహ్నం మూడింటికే వెళ్ళి ముందు వరసలో మా అయిదుగురికీ చోటు పట్టింది. సూర్యుడు నీళ్ళకి జానెడు ఎత్తులో ఉండగా మా ఆయన చేతులు జోడించాడు.

"వదినా, తప్పైంది. ఆ రోజు మైకు పట్టుకుని అట్లా అనకుండా ఉండాల్సింది. ఇంక జన్మలో అనను. ఇంటికెళ్ళినాక ముద్ద అన్నం పెట్టు చాలు."

"సరేలే. నీకు వంట రాదు, దాని కష్టమూ తెలీదు. తెలియక అన్నావు" అంది అక్క. "తెలిసినవాళ్ళ సంగతే వేరు."

నేను సూర్యుడి వైపు చూస్తున్నాను. అంచు అప్పుడే నీళ్ళని తాకుతోంది. అక్క నా వైపు తిరిగింది.

"అదితీ, మీ అమ్మగారు అమెరికా వచ్చినప్పుడు నాతో చెప్పారు. మీ మెస్‌లో నీ చేతి సాంబారు కోసం జనం లైను కట్టేవాళ్ళటగా. ఎనిమిదేళ్ళైంది ఆవిడ చెప్పి. నువ్వే ఒకరోజు వచ్చి పక్కన నిలబడి ఉల్లిపాయలు అందుకుంటావని ప్రతి ట్రిప్‌లో చూశాను."

మా ఆయన నోరు తెరుచుకుని నన్ను చూశాడు. బావగారు, నైనిక కూడా చూశారు. తేలు కుట్టిన దొంగలా తల దించుకున్నాను. చెప్పుల దగ్గర తెల్లరాయి, దాని మీద ఎవరో పారేసిన టికెట్టు ముక్క కనిపించాయి.

అక్క ఆపలేదు. గొంతు పెంచలేదు కూడా.

"యెల్లోస్టోన్‌లో ఆ వేడినీళ్ళు ఆకాశానికి లేచినప్పుడు మీరంతా వెళ్ళారు. నేను క్యాబిన్లో ఉన్నాను. నువ్వు పరిగెత్తుకుంటూ వచ్చి, 'అయ్యో అక్కా, ఎంత బావుందో తెలుసా, మీరు చూడాల్సింది' అన్నావు. గుర్తుందా? అందరిలోకీ నువ్వొక్కదానివే అక్కడ నాతో ఉండగలిగినదానివి. ఆ మాట చెప్పడానికి వచ్చావు."

చుట్టూ ఒక్కసారిగా చప్పట్లు మోగాయి. ఎవరో ఈల వేశారు. నేను తలెత్తేసరికి సూర్యుడు లేడు. నీళ్ళ మీద ఎరుపు మాత్రం మిగిలింది.

అక్క అప్పటికే పడమటి వైపు తిరిగి ఉంది. మొత్తం చూసింది. కళ్ళు తుడుచుకుని నా భుజం మీద చెయ్యి వేసింది.

"అయ్యో అదితీ, ఎంత బావుందో తెలుసా. నువ్వు చూడాల్సింది."