తెప్ప మీద చెల్లె పుస్తెలు

నేను దేన్నైనా పెంచి చెబుతాను, ముందే ఒప్పుకుంటున్నాను. ఎనభైల్లో ఒక వానాకాలం, తెల్లారితే చెల్లె పెళ్లి. సిద్దిపేటలో పుస్తెలు చేసిన అవుసులాయన దగ్గర వాటిని తీసుకొని ఊరికి బయలుదేరాను. వాగు పొంగి బస్సులు ఆగిపోయాయి. నడిచి నడిచి కాళ్లు రోకళ్లయ్యాయి. ఇక చాతకాక, మా ఊరి చెరువు దాటించమని అడిగి ఒక ముసలి బెస్తాయన తెప్ప ఎక్కి నిలబడ్డాను.

చెరువు నడుమ రెండు గుట్టల మధ్య ఇరుకు సందు. ఆనాడు చేపలు పట్టే రోజు కావడంతో ఎదురుగా వెయ్యి తెప్పలు. గాలికి నా కొత్త ధోవతి ఉబ్బి మమ్మల్ని కరీంనగర్ దిక్కు లాక్కుపోతోంది.

"దోతి గుంజుకొని కూసో బిడ్డా! తెరచాప కట్టుకొచ్చినవా ఏంది?" అన్నాడు ముసలాయన.

కూర్చున్నాను. పుస్తెలు పిడికిట్లో బిగించాను.

"జరుగున్రి! పెండ్లి పుస్తెలు వస్తున్నయి!" అని ఆయన కేకేశాడు. తెప్పలన్నీ పక్కకు తప్పుకున్నాయి. ఆయన గుట్టల రాళ్లకు గడ ఆనించి తెప్పను తోసుకుంటూ మెల్లగా ఒడ్డు చేర్చాడు.

వెయ్యి తెప్పలు కావు, పన్నెండు. అది పెంచడమే. నేను పూర్తిగా కల్పించింది పిడికిట్లో పుస్తెల సంగతి. నా చేతులు వణుకుతున్నాయని సందు రాకముందే పుస్తెలు తీసుకొని ఆయన తన తలపాగాలో ముడేసుకున్నాడు.