రోగమొచ్చినోళ్ళ సేను

ఆ రోజుల్లో కోపం నా ముక్కు మీదే ఉండేది. విజయనగరం పక్క పల్లెటూరి నుంచి అరకు దగ్గరి ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకు లెక్కల టీచరుగా వచ్చి అప్పటికి రెండేళ్ళు. కొండ పిల్లలకు అన్నీ నేనే నేర్పాలనుకునేదాన్ని. తాతకు దగ్గులు నేర్పడమని తర్వాత తెలిసింది.

ఏడో తరగతిలో తొమ్మిది మంది. వాళ్ళలో ఒక పిల్లకు క్షయ వచ్చింది. విశాఖ పెద్దాసుపత్రిలో ఐదు నెలలు సూదులు పొడిపించుకుని, చలికాలంలో ఇల్లు చేరింది. ఇక ఎవరికీ అంటదు గాని వేసవి దాకా మంచం దిగొద్దన్నారు డాక్టరు. జన్మలో బరువులు మొయ్యకూడదని కూడా అన్నారు. కొండ మీద బరువు మొయ్యని ఆడమనిషికి బతుకేది? ఆ పిల్లకు మిగిలింది చదువొక్కటే. పబ్లిక్ పరీక్షకు రెండున్నర నెలలుంది. హాజరు సంగతి హెడ్‌మాస్టరు గారు చూసుకుంటానన్నారు. పరీక్ష తప్పితే మాత్రం ఇక బడికి పంపనని తండ్రి చెప్పేశాడు.

మిగిలిన ఎనిమిది మందినీ పిలిచి, దాని చదువు వెనకబడింది, మీరంతా సాయం చెయ్యండని చెప్పాను. బుద్ధిగా తలూపారు. పదిహేను రోజులకు ఒక మూట తెచ్చి, ఆమెకివ్వమన్నారు. ఆదివారం రెండు మైళ్ళు కొండెక్కి, ఆ పిల్ల మంచం మీదే మూట విప్పాను. అన్నీ ఆమె బడిలో వదిలెళ్ళిన నోటుబుక్కులు. ఐదు నెలల లెక్కలు, సైన్సు బొమ్మలు, మ్యాపులు, అన్నీ పూర్తిగా రాసేసి ఉన్నాయి, ఎనిమిది రకాల చేతిరాతల్లో.

నేర్పమంటే రాసిచ్చేశారని నాకు ఒళ్ళు మండిపోయింది. తిరిగొచ్చి ఎనిమిది మందినీ వరండాలో నిలబెట్టి కడిగేశాను. ఒక్కరి మొహంలోనూ తప్పు చేసిన జాడ లేదు. చివరికి అందరిలోకీ చిన్నది నోరు విప్పింది.

"రోగమొచ్చినోళ్ళ సేను ఊరోళ్ళే సెయ్యాల గదా, టీసరమ్మా. ఆళ్ళ పనయ్యాకే మన సేన్లో దిగాల."

అందుకే ఆ పదిహేను రోజులూ వాళ్ళ హోంవర్కు ఖాళీ. అది చెయ్యలేదని కిందటి వారమే అందరినీ బెత్తంతో కొట్టాను. ఎందుకు చెయ్యలేదో ఒక్కతీ చెప్పలేదు, నేనూ అడగలేదు. సిగ్గుతో నా తల వాలిపోయింది.

అయినా పరీక్ష చేను కాదు, ఒకరి బదులు ఇంకొకరు రాసేది కాదు. ఏం చెయ్యాలో తోచక మళ్ళీ ఆదివారం ఆ పిల్ల దగ్గరికి వెళ్ళాను. నేను కూచునేలోగానే లెక్కల బుక్కు తీసి వేలు పెట్టి చూపించింది. సగానికి మూడో వంతు కలిపితే ఐదింట రెండు వంతులని రాసి ఉంది.

"సగం కుంచం సోళ్ళకి ఇంకొన్ని కలిపితే తగ్గిపోతాయేటి?" అంది, మూలనున్న రాగుల గంప చూపిస్తూ.

నాకు ఆ పిల్లను ముద్దుపెట్టుకోవాలనిపించింది. నా ఎర్ర పెన్సిలు చేతికిచ్చి, ఎన్ని తప్పులు పడతావో పట్టు అన్నాను. తప్పు పట్టాలంటే ఒప్పు తెలియాలి కదా, ఆ ఐదు నెలల పాఠాలూ అలా తిరగేసింది. అర్థం కానిది ఆదివారం నన్నడిగేది. శుక్రవారం సంతకొచ్చే తండ్రి ఆ బుక్కులు బడిలో దింపేవాడు, పిల్లలు దిద్దుకున్నాక మళ్ళీ మోసుకెళ్ళేవాడు. ఈ గుంటకి ఎంత సేసినా తప్పులే కనబడతాయని ఎనిమిది మందీ సణుక్కునేవారు, సణుక్కుంటూనే దిద్దుకునేవారు. పరీక్షల రోజుల్లో ఆమెను నా గదిలోనే ఉంచుకుని, అక్కణ్ణుంచే పరీక్షకు పంపాను.

తొమ్మిది మందీ పాసయ్యారు. ఆ మాట చెప్పడానికి ఎండలో కొండెక్కాను. నా భయమంతా తండ్రితోనే. హైస్కూలు దూరం, హాస్టల్లో ఉండాలి, రోగం పిల్ల అంటాడని దారి పొడుగునా జవాబులు కూడబలుక్కుంటూ వెళ్ళాను. చెప్పాను. కూతురు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

"ఐస్కూలుకి ఎల్లిన్నాడు పెట్టె నాను మోత్తాను," అన్నాడాయన. "అక్కడోళ్ళకి మీరు సెప్పాల. నీళ్ళ బిందె కూడా దీని సేతికి ఇవ్వొద్దని."

కూడబలుక్కున్న జవాబులన్నీ మర్చిపోయి, వాళ్ళ గుమ్మంలో కూచుని ఏడ్చేశాను.