గీసేటోనికే చెట్టు

ఎల్లేశం గౌడు తాటిచెట్టు మీద నుంచి పెళ్లాన్ని పిలిస్తే వాగు అవతలి ఊరి ఆడవాళ్లు పలికేవారని కథలాపూర్ చుట్టుపక్కల చెప్పుకొంటారు. అందులో సగం కోతలే అనుకున్నా మిగిలిన సగం చాలు. నక్సలైటు అన్నలు ఊళ్లలో తిరగడం మొదలైన ఏడాది, జగపతి రావు దొర గడి ముందు కల్లు గీసే గౌడులంతా నిలబడినప్పుడు "గీసేటోనికే చెట్టు" అని అందరికంటే ముందు లేచింది ఆ గొంతే. దొరకు తాతల నాటి నుంచి ముట్టజెప్పే కల్లు వంతు ఆ రోజుతో ఆగిపోయింది. దొర కరీంనగర్‌లో ఇల్లు చూసుకున్నాడు. చెట్లు గీసేవాళ్లవయ్యాయి.

ఆ తర్వాత రెండేళ్లకు, వానకు నానిన చెట్టు మీద నుంచి ఎల్లేశం జారిపడ్డాడు. ప్రాణం దక్కింది గానీ నడుము విరిగి కాళ్లు రెండూ చచ్చుబడ్డాయి. ఇక లేవవని జగిత్యాల ఆస్పత్రి డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఎల్లేశం వింటేగా. కోరుట్లలో మర్దన చేసేవాడి దగ్గర ఆరు నెలలు, ముస్తాబాద్‌లో పసరు పోసేవాడి దగ్గర మూడు నెలలు పడి ఉన్నాడు. చెట్టెక్కడానికి ఒంటికీ మానుకూ చుట్టుకునే మోకు గోడకు వేలాడుతుంటే, ఎండి పెళుసెక్కకుండా దానికి రోజూ నూనె రాసేవాడు.

"నీ కాళ్లకన్న దానికే ఎక్కువ నూనె తాపిస్తున్నవ్," అనేది భార్య మల్లవ్వ.

నిజానికి అతన్ని కోసింది నడుము నొప్పి కాదు, ఒక పలకరింపు. ఆ ఊరి గౌడులు పొద్దున్నే ఎదురుపడితే "తిన్నవా" అనుకోరు, "చెట్టుకు పోతున్నవా" అనుకుంటారు. రెండేళ్లుగా ఎల్లేశాన్ని ఆ మాట అడిగినవాడు లేడు. వాకిట్లో కూర్చున్న అతన్ని చూసి "మంచిదేనా" అని తలొంచుకుని పోయేవాళ్లు. అది ముసలివాళ్లను అడిగే మాట. అతనికి నలభై నిండలేదు.

ఆ చలికాలం చెట్ల పంపకం వచ్చింది. పదిమంది ఒకచోట కూర్చుంటే పోలీసు జీపు వచ్చి ఆగే రోజులు. అందుకే కులపెద్ద దేవయ్య పంచాయితీని తెల్లారకముందే పెట్టి గబగబా ముగించాలని చూశాడు. ఎల్లేశం తుంటి కింద పాత టైరు ముక్క కట్టుకుని, చేతుల మీద జరుగుతూ వచ్చి కూర్చున్నాడు.

"ఎల్లేశం వంతు పన్నెండు తాటిచెట్లు. రెండేండ్ల సంది కత్తి పడలే," అన్నాడు దేవయ్య. "ఐలయ్య మీద రాద్దాం. గీసేటోనికే చెట్టు. గా మాట నువ్వే ఒర్రినవ్ గదరా."

ఐలయ్య మల్లవ్వ తమ్ముడు. సిగ్గుతో నేల చూశాడు. ఎల్లేశానికి ఒళ్లంతా మండింది. తన నోటి మాటే తన కడుపు మీద కొట్టింది. ఏమని కాదంటాడు? గీసేటోనికే, గీసేటోనికే అని లోలోపల రెండుసార్లు అనుకున్నాడు.

"పెద్దబాపూ, మనం ఏమన్నం? గీసేటోనికి అన్నమా, ఎక్కేటోనికి అన్నమా?"

"రెండూ ఒకటే గదరా."

"ఎట్లయితది? ఎక్కుడు కాళ్ల పని. గీసుడు చేతి పని. నా కాళ్లు పోయినయి. చేతులు పోలే."

నా కాళ్లు పోయినయి. రెండేళ్లలో ఆ ముక్క అతని నోటి నుంచి రావడం అదే మొదలు. వెనక నిలబడిన మల్లవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తాటిచెట్లన్నీ ఐలయ్యకు రాయి. వాగు ఒడ్డుకు పొట్టి ఈతచెట్లున్నయి. కూసుంటే నా ఎదకు అస్తయి. గవి నాకియ్యి."

అందరూ నవ్వారు. అవి కొత్తగా కత్తి పట్టినవాళ్లు చెయ్యి తిప్పుకోవడానికి పనికొచ్చే చెట్లు. "ఏనుగు దిగి మేకనెక్కుతవారా," అన్నాడొకడు.

"మేకనే ఎక్కుత. గీసేటోనికే చెట్టు," అన్నాడు ఎల్లేశం. గడి ముందు లేచిన గొంతే మళ్లీ లేచింది. నవ్వినవాళ్లంతా ఉలిక్కిపడి రోడ్డు వైపు చూశారు.

"మెల్లగరా, జీపత్తది," అన్నాడు దేవయ్య. చెట్టు తలన ఉండే ఈత మొవ్వు మెత్తనిది, కత్తి కాస్త లోతుకు దిగితే చెట్టు చస్తుంది. "ఒక్క చెట్టు గియ్యి. వారం దినాలల్ల లొట్టిల కల్లు పడితే అన్నీ నీయే. పడకుంటే మల్ల అడగద్దు."

ఇంటికి రాగానే మల్లవ్వ చేత గోడ మీది మోకు దింపించి, వెంట వచ్చిన ఐలయ్య ఒళ్లో పెట్టాడు.

"ఉండనీ బావా, రేపు కాళ్లు లేస్తే..."

"లెవ్వయిరా. నూనె రాసి ఉంచిన, తీస్కపో."

మొదటి రోజు చెయ్యి కత్తిని కొత్తవాడిలా పట్టుకుంది. మూడో రోజుకు దానికి పాత చదువంతా గుర్తొచ్చింది. మొవ్వు కింద ఉల్లిపొర మందాన చెక్కడం, పుల్ల గుచ్చడం, లొట్టి కట్టడం, కూర్చున్న చోటే. నాలుగో రోజు లొట్టి ఎండిపోయి ఉంది. ఐదో రోజూ అంతే. ఆరో పొద్దున లొట్టి మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలింది. పట్టి ఊపితే లోపల కల్లు కదిలింది. అతను పిల్లవాడిలా నవ్వుతూ ఏడ్చాడు. ఎల్లమ్మ తల్లికి నేల మీద సాక పోసి, మిగిలింది దేవయ్యకు పంపాడు. దేవయ్య రెండు గుక్కలు తాగి, "తియ్యగనే ఉన్నది, నీయేరా," అని కబురు చేశాడు.

మర్నాడు మంచు ఇంకా విడవలేదు. ఎల్లేశం కత్తి నడుముకు చెక్కుకుని, టైరు మీద జరుగుతూ బజారుకొచ్చాడు. ఎదురుగా భుజాన మోకుతో ఐలయ్య.

"బావా, చెట్టుకు పోతున్నవా?"

"పోతున్న," అన్నాడు గానీ అది పెదవి దాటలేదు.

"ఏంది బావా?"

"చెట్టుకు పోతున్న," అన్నాడు ఎల్లేశం, ఈసారి పూర్తి గొంతుతో.

వాగు అవతలి నుంచి ఎవరో ఆడమనిషి "ఆఁ" అని పలికింది.